లద్దె చూడందే మందు లేదు

వానలు మొదలవగానే నాకు వచ్చే ఫోన్లలో చాలావాటిది ఒకటే ప్రశ్న. "డాక్టరమ్మా, మూణ్నెల్లయింది. నట్టల మందు ఎప్పుడు పోద్దాం?" పాతబస్తీలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్లు అడుగుతారు. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు స్వారీ నేర్పే బడులవాళ్లు అడుగుతారు. ముచ్చటపడి తోటలో రెండు గుర్రాలు కట్టుకున్న ఉద్యోగస్తులూ అడుగుతారు. అందరికీ నా జవాబు ఒకటే: "ముందు లద్దె పంపండి."

ఈ జవాబు చాలామందికి నచ్చదు. "గొర్రెలకైతే సర్కారువాళ్లే వచ్చి మందకంతా ఒక్కసారి పోసి పోతారు కదమ్మా, గుర్రానికెందుకు ఇంత తతంగం?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. తాతల నాటి నుంచీ గుర్రాల మీదే బతుకుతున్న ఇల్లు ఆయనది. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. మందు దుకాణంలో దొరుకుతుంది, ధర కూడా భరించలేనిదేం కాదు. మరి పోసేస్తే ఏం పోతుంది? పోయేది మందే. ఇవాళ అవసరం లేని గుర్రానికి పోసిన ప్రతి మోతాదూ, రేపు అవసరమైన గుర్రానికి ఆ మందు పని చేయకుండా చేస్తుంది. గుర్రాల నట్టల మీద పని చేసే మందులు ముఖ్యంగా మూడు కుటుంబాలవే. ఐవర్మెక్టిన్ వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆ తర్వాత గుర్రాల కోసం కొత్త కుటుంబం ఒక్కటీ రాలేదు. ఉన్నవాటిని పోగొట్టుకుంటే చేతిలో ఏమీ మిగలదు.

అసలు గుర్రం పొట్టలో పురుగులు ఉండటమే రోగం కాదన్న సంగతితో మొదలుపెట్టాలి. గడ్డి మేసే ఏ గుర్రంలోనైనా ఎంతో కొంత ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్న స్ట్రాంగైల్స్ అనే సన్నని పురుగులు. యాభై దాకా జాతులున్నాయి. పెద్దపేగులో కాపురముండే ఎదిగిన పురుగులు కొద్దిపాటిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి వాటివల్ల పెద్ద నష్టం లేదు. అవి పెట్టిన గుడ్లు లద్దెతో బయటికొస్తాయి. మన వానాకాలపు వెచ్చదనంలో వారం తిరక్కుండానే గుడ్లలోంచి పిల్లలు వచ్చి, రెండు దశలు దాటి, మూడో దశలో తడి గడ్డిపరక పట్టుకుని పైకి పాకుతాయి. ఈ మూడో దశ పిల్లకు ఒంటి చుట్టూ తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఉన్నంతకాలం అది ఏమీ తినలేదు. ఒంట్లో దాచుకున్న శక్తి అయిపోయేలోగా ఏదో ఒక గుర్రం దాన్ని మేయాలి. వేడి పెరిగేకొద్దీ ఆ శక్తి త్వరగా కరిగిపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

మేసిన పిల్లపురుగులు పెద్దపేగు గోడలోకి దూరి అక్కడ చిన్న తిత్తి కట్టుకుంటాయి. కొన్ని నెలా రెండు నెలల్లో బయటికొచ్చి పెద్దవవుతాయి. కొన్ని మాత్రం నిద్రపోతాయి, ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అలా పోగుపడినవి లక్షల్లో ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి గోడ చీల్చుకుని బయటికొస్తే పేగు పుండవుతుంది. నీళ్ల విరేచనాలు, ఒళ్లంతా వాపు, కొద్దిరోజుల్లోనే ఎముకల గూడు. ఈ స్థితికి వచ్చిన గుర్రాల్లో సగం దాకా మందులకు అందకుండా పోవచ్చు. ఎక్కువగా ఆరేళ్ల లోపు కుర్ర గుర్రాల్లోనే ఇది చూస్తాం. చిన్న స్ట్రాంగైల్స్ అంటే నాకు భయం పేగులో తిరిగే ఎదిగిన పురుగుల వల్ల కాదు, గోడలో పడుకున్న ఈ పిల్లల వల్ల.

మరి మూణ్నెల్లకోసారి మందు పోసే అలవాటు ఎక్కణ్నుంచి వచ్చింది? అది మూఢనమ్మకం కాదు, ఒకప్పుడు మంచి వైద్యమే. ఆ రోజుల్లో అసలు శత్రువు వేరే. స్ట్రాంగైలస్ వల్గారిస్ అనే పెద్ద స్ట్రాంగైల్ పిల్లలు పేగులో ఉండకుండా, పేగుకు రక్తం తెచ్చే ప్రధాన ధమనిలోకి ఎక్కి అక్కడ నెలల తరబడి ఉంటాయి. ధమని గోడ వాచి, లోపల రక్తం గడ్డకడుతుంది. గడ్డ ముక్క విరిగి కిందికి కొట్టుకుపోతే ఒక మూర పేగుకు రక్తం ఆగి అది చచ్చుబడుతుంది. గుర్రం శూలతో నేలమీద దొర్లి దొర్లి చనిపోతుంది. 1966లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు డ్రడ్జ్, లయన్స్ ఒక పద్ధతి చెప్పారు: ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి అన్ని గుర్రాలకూ మందు ఇవ్వండి, లద్దెలో గుడ్డు అనేదే బయటపడకుండా చూడండి. ఈ పురుగు గుడ్డు నుంచి గుడ్డు దాకా రావడానికి ఆరు నెలలు పైనే పడుతుంది కాబట్టి అంత ఎడతెగని దెబ్బకు తట్టుకోలేకపోయింది. సంరక్షణ బాగున్న లాయాల్లో దాదాపు కనబడకుండా పోయింది. ఎన్ని గుర్రాల ప్రాణాలు నిలిచాయో లెక్కలేదు. ఆ శాస్త్రవేత్తలకు గుర్రాలను పెంచేవాళ్లందరం రుణపడి ఉన్నాం.

కానీ పెద్ద స్ట్రాంగైల్ పోయాక కూడా కేలెండరు పోలేదు. దాని కింద చిన్న స్ట్రాంగైల్స్ తరం మీద తరం మందులో మునిగి తేలాయి. అప్పట్లో వాడిన థయాబెండజోల్‌కు లొంగని చిన్న స్ట్రాంగైల్స్‌ను 1960లలోనే, అదే కెంటకీలో గుర్తించారు. ఆ కుటుంబానికే చెందిన ఫెన్‌బెండజోల్‌ను ఇవాళ చాలా దేశాల్లో ఇవి లెక్కచేయవు. మన దుకాణాల్లో చవగ్గా దొరికేదీ, గుర్రాలను చూసుకునే సైసులకు బాగా అలవాటైనదీ ఈ కుటుంబమే. రెండో కుటుంబమైన పైరాంటెల్ మీద కూడా నమ్మకం సడలుతోంది. మిగిలింది ఐవర్మెక్టిన్ కుటుంబం.

ఐవర్మెక్టిన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే ఆ మందు మనుషులకు అందడం వెనక గుర్రం ఉంది. జపాన్‌లో సతోషి ఒమురా మట్టి నమూనాలు సేకరించి అందులోని సూక్ష్మజీవులను పరీక్షించేవారు. ఇటో పట్టణం దగ్గర కవానాలో తీసిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఈ మందుకు మూలం దొరికింది. అమెరికాలో విలియం క్యాంబెల్ బృందం దాన్ని పశువుల మందుగా తీర్చిదిద్దింది. గుర్రం చర్మంలో బతికే ఆంకోసెర్కా అనే పురుగు పిల్లల మీద ఆ మందు బాగా పని చేయడం చూశాక, ఆఫ్రికాలో లక్షలాది మందిని గుడ్డివాళ్లను చేస్తున్న ఆ పురుగు చుట్టం మీద కూడా పని చేస్తుందేమోనన్న ఆలోచన క్యాంబెల్‌కు కలిగింది. పని చేసింది. 1987 నుంచి ఆ మందును ఆ జబ్బుకు ఉచితంగా ఇస్తున్నారు. 2015లో ఒమురా, క్యాంబెల్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న మందును, అవసరం ఉందో లేదో చూడకుండా మూణ్నెల్లకోసారి నోట్లో పిండేయడం నాకు మనస్కరించదు.

మందు ఎందుకు పాడవుతుందో ఆ పెద్దాయనకు నేను చెప్పిన పద్ధతిలోనే ఇక్కడా చెబుతాను. వేల పురుగుల్లో ఏ రెండు మూడో పుట్టుకతోనే మందుకు తట్టుకుంటాయి. మందు పోస్తే మిగతావన్నీ చచ్చి ఇవి మిగులుతాయి. ఆ తర్వాత కొన్ని వారాలు లద్దెలో పడే గుడ్లన్నీ వీటివే. లాయంలోని గుర్రాలన్నిటికీ ఒకే రోజు పోశామంటే ఆ మైదానంలో మొండి పురుగుల సంతానం తప్ప ఇంకొకటి ఉండదు. అదే కొన్ని గుర్రాలకు మందు ఇవ్వకుండా వదిలితే, వాటి లద్దెలోంచి మందుకు లొంగే పురుగుల పిల్లలు కూడా గడ్డి మీదికి చేరతాయి. కారం ఎక్కువైన పులుసులో నీళ్లు పోసినట్టు, మొండివాటిని ఇవి పలచబరుస్తాయి. మందు పోసి వెంటనే శుభ్రమైన కొత్త మైదానంలోకి తోలమని పాత పుస్తకాల్లో ఉండేది. అది ఇప్పుడు వద్దనడానికి కారణం ఇదే: కొత్త మైదానంలో మొదటి విత్తనం మొండి పురుగులదే అవుతుంది.

"అయితే ఎవరికి పోయాలి, ఎవరిని వదలాలి?" అది గుర్రం మొహం చూస్తే తెలియదు. బొచ్చు నిగనిగలాడే గుర్రం లద్దెలో వేల గుడ్లు ఉండొచ్చు, బక్కగుర్రం లద్దెలో ఒక్కటీ ఉండకపోవచ్చు. ఎదిగిన గుర్రాల గుంపులో నూటికి ఇరవై, ముప్ఫై గుర్రాలే మొత్తం గుడ్లలో ఎనభై శాతం దాకా రాలుస్తాయి. ఈ గుణం ఒక గుర్రంలో ఏళ్ల తరబడి పెద్దగా మారదు కూడా. నేను వెళ్లే ఒక స్వారీ బడిలో తెల్లటి ముసలి ఆడగుర్రం ఉంది. ఎప్పుడు చూసినా దాని లెక్క అయిదు వందలు దాటుతుంది. పక్క గదిలోని ఎర్రగుర్రం అదే గడ్డి తింటుంది, అదే నీళ్లు తాగుతుంది, దాని లద్దెలో గుడ్డు కనబడటమే అరుదు. ఎర్రగుర్రానికి మూణ్నెల్లకోసారి మందు పోస్తే ఎవరికి లాభం?

లెక్కపెట్టే పద్ధతి పాతదే. ఆస్ట్రేలియాలోని మెక్‌మాస్టర్ ప్రయోగశాల పేరుతో పిలుస్తారు. 1939లో గొర్రెల కోసం అక్కడ గోర్డన్, విట్‌లాక్ ప్రచురించిన పద్ధతి ఇది. వేడినీళ్లలో వంటింటి ఉప్పును ఇక కరగదు అనేదాకా కలిపి చల్లార్చుకుంటాను. నాలుగు గ్రాముల లద్దెను తూచి, ఇరవై ఆరు మిల్లీలీటర్ల ఉప్పునీటిలో బాగా చిదిపి, టీ వడపోసే జల్లెడలో వడకడతాను. గీతలున్న గాజు పలకలో రెండు గదులుంటాయి, ఒక్కోదాంట్లో 0.15 మిల్లీలీటరు పడుతుంది. నింపి అయిదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఉప్పునీరు బరువు కాబట్టి గుడ్లు పైకి తేలి గాజుకు అంటుకుంటాయి, చెత్త కిందికి దిగుతుంది. మైక్రోస్కోపులో గీతల వెంబడి లెక్కపెట్టి, రెండు గదుల మొత్తాన్ని ఇరవై అయిదుతో హెచ్చిస్తే ఒక గ్రాము లద్దెలో ఎన్ని గుడ్లున్నాయో వస్తుంది. పావుగంట పని. పల్లెలో ఉండే పశువైద్యశాలలో కూడా మైక్రోస్కోపు ఉంటే చాలు, ఇంకే ఖరీదైన సామాను అక్కర్లేదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలల్లో చదువుకున్న ప్రతి డాక్టరుకూ ఈ పద్ధతి వచ్చు. అడిగేవాళ్లు లేకే మూలపడింది.

లెక్క నిజంగా ఉండాలంటే లద్దె తాజాగా ఉండాలి. గుర్రం వేసిన వెంటనే, నేలకు తగలని లోపలి ఉండ ఒకటి తీసి, పాలిథిన్ సంచిలో గాలి పిండేసి ముడివేయాలి. చల్లగా ఉంచి ఆ రోజో మర్నాడో ఇవ్వాలి. ఎండలో కారు డిక్కీలో చాలాసేపు పెట్టి తెస్తే గుడ్లు పొదిగి పిల్లలైపోతాయి, నాకు గుడ్లు కనబడవు, మీకు తప్పు లెక్క వస్తుంది. సంచి మీద గుర్రం పేరు రాయడం మరిచిపోవద్దు. రెండు వందల లోపు వస్తే ఆ గుర్రాన్ని వదిలేస్తాం. రెండు వందల నుంచి అయిదు వందల మధ్య అయితే దాని వయసు, మైదానం, కాలం చూసి నిర్ణయిస్తాం. అయిదు వందలు దాటితే మందు ఇస్తాం. తర్వాత పద్నాలుగో రోజున మళ్లీ లద్దె పంపమంటాను. చాలామంది ఈ రెండో లద్దె దగ్గరే బద్ధకిస్తారు. నా దృష్టిలో మొదటిదానికంటే ఇదే ముఖ్యం. ఐవర్మెక్టిన్ ఇచ్చాక గుడ్లు 95 శాతం కంటే తక్కువ తగ్గాయంటే ఆ లాయంలో మందు చెడుతోందని అనుమానించాలి. మందు కొత్తగా వచ్చినప్పుడు గుడ్లు మళ్లీ కనబడటానికి ఎనిమిది వారాలు పట్టేది, ఇప్పుడు చాలాచోట్ల నాలుగైదు వారాలకే కనబడుతున్నాయి. 2020లో ఐర్లండ్ నుంచి కెంటకీకి దిగుమతి చేసుకున్న ఏడాది పిల్లల్లో ఐవర్మెక్టిన్‌కు కూడా లొంగని చిన్న స్ట్రాంగైల్స్ బయటపడ్డాయి. గుర్రం విమానం ఎక్కితే పురుగూ ఎక్కుతుంది.

గుడ్ల లెక్క సర్వజ్ఞం కాదు, ఆ సంగతి కూడా అంతే గట్టిగా చెప్పాలి. పేగు గోడలో పడుకున్న పిల్లలు గుడ్లు పెట్టవు, కాబట్టి సున్నా వచ్చిన గుర్రంలో కూడా అవి ఉండొచ్చు. చిన్న స్ట్రాంగైల్ గుడ్డూ పెద్ద స్ట్రాంగైల్ గుడ్డూ చూడటానికి ఒకటే. లద్దెను దాదాపు రెండు వారాలు వెచ్చగా పెంచి పిల్లలను చూస్తేగానీ తేడా తెలియదు. డెన్మార్క్‌లో 1999 నుంచి డాక్టరు చీటీ లేకుండా నట్టల మందు అమ్మరు, ముందుజాగ్రత్తకని మామూలుగా పోసెయ్యడానికి వీల్లేదు. దానివల్ల మందు వాడకం తగ్గింది. కానీ లెక్కను మాత్రమే నమ్ముకుని మందు ఇస్తున్న లాయాల్లో ఆ పాత స్ట్రాంగైలస్ వల్గారిస్ మళ్లీ ఎక్కువగా కనబడటం అక్కడి పరిశోధకులు గమనించారు. అందుకే నేను లెక్క ఎంత తక్కువున్నా ఎదిగిన ప్రతి గుర్రానికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, కాలం చూసి మందు ఇస్తాను. ఆరు నెలల జీవితచక్రాన్ని తెంచడానికి అది చాలు. అంతకుమించి ఇవ్వాలంటే లద్దె చెప్పాలి.

బద్దెపురుగు గుడ్లు కూడా ఈ పద్ధతిలో సరిగా చిక్కవు. గడ్డిలో ఉండే సూక్ష్మమైన నల్లుల ద్వారా అది వ్యాపిస్తుంది. బయట మేసే గుర్రాల్లోనే దాని గురించి ఆలోచిస్తాను, మందు ప్రాజిక్వాంటెల్. తోకను గోడకు రుద్ది రుద్ది వెంట్రుకలు ఊడగొట్టుకునే గుర్రానికి పిన్‌వార్మ్ ఉండొచ్చు. ఆసనం దగ్గర సెల్లోటేప్ అంటించి తీసి చూస్తే గుడ్లు దొరుకుతాయి. ముందుకాళ్ల వెంట్రుకలకు పసుపురంగు చుక్కలు అంటుకుని ఉంటే అవి బాట్ ఈగ గుడ్లు. గుర్రం నాకితే పొట్టలోకి పోతాయి. సైసు రోజూ మాలీషు చేసేటప్పుడు గీకేస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

పిల్లల సంగతి పూర్తిగా వేరు, ఇక్కడ పెద్ద గుర్రాల సూత్రాలు పని చేయవు. ఆరు నెలల లోపు గుర్రపుపిల్లకు అసలు శత్రువు ఏలికపాము. జానెడున్నర, రెండు జానల పొడవు పెరుగుతుంది. ఒక్కో ఆడపురుగు రోజుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. దాని గుడ్డు పెంకు మందం, లాయం నేలలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. పిల్ల మింగిన గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులు కాలేయం గుండా ఊపిరితిత్తుల్లోకి పోయి, దగ్గుతో గొంతులోకి వచ్చి మళ్లీ పేగులోకి దిగుతాయి. దగ్గుతూ, ముక్కు కారుతూ, పొట్ట మాత్రం బాన అయిన పిల్లను చూస్తే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. ఈ పురుగు ఐవర్మెక్టిన్‌ను లెక్కచేయకపోవడం 2002లోనే నెదర్లాండ్స్‌లో బయటపడింది. మందు పని చేసే చోట ఇంకో ప్రమాదం ఉంది. పొట్టనిండా ఏలికపాములున్న పిల్లకు పురుగులను ఒక్కసారిగా చచ్చుబడేసే ఐవర్మెక్టిన్, పైరాంటెల్ ఇస్తే, చచ్చినవన్నీ ఉండకట్టి సన్నపేగుకు అడ్డం పడొచ్చు. అందుకే పిల్లలకు రెండు మూడు నెలల వయసులో మొదటిసారి ఫెన్‌బెండజోల్ కుటుంబపు మందు ఇస్తాను, మళ్లీ అయిదో నెల ప్రాంతంలో లద్దె చూసి రెండోసారి. నెల పిల్ల లద్దెలో స్ట్రాంగైల్ గుడ్లు కనబడ్డాయని గాభరాపడి మందు పోసేవాళ్లున్నారు. ఆ వయసులో పిల్లలు తల్లి లద్దె తింటాయి, అది వాటి సహజ గుణం. ఆ గుడ్లు తల్లివి, పిల్ల కడుపులోంచి ఊరికే దాటిపోతున్నాయి.

మందు ఇవ్వాల్సినప్పుడు సరిగ్గా ఇవ్వాలి. ఒకే ట్యూబును మూడు గుర్రాలకు పంచడం నేను చూసిన లాయాల్లో సాధారణం. సగం మోతాదు అంటే బలహీనమైన పురుగులను చంపి బలమైనవాటిని బతికించే మోతాదు. ఐవర్మెక్టిన్ కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. బరువు కంటితో అంచనా వేయొద్దు. దర్జీ దగ్గరుండే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించండి. భుజం ముందు భాగం నుంచి పిరుదు చివరిదాకా పొడవు కొలిచి దాంతో మళ్లీ హెచ్చించండి. వచ్చినదాన్ని 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 140 ఉన్న గుర్రం సుమారు 302 కిలోలు, మందు అరవై మిల్లీగ్రాములు. పేస్టు పెట్టేముందు నోట్లో దాణా, గడ్డి లేకుండా చూసి, నాలుక మొదట్లోకి పిండి, తల కాసేపు పైకెత్తి పట్టుకోవాలి. లేకపోతే మీరు అటు తిరగ్గానే ఉమ్మేస్తుంది.

పశువుల ఐవర్మెక్టిన్ సూదిమందును గుర్రానికి గుచ్చొద్దు. చవక కాబట్టి ఈ అలవాటు బాగా ఉంది. గుర్రాల కోసం ఈ మందు మొదట సూదిమందుగానే అమెరికాలో అమ్మకానికి వచ్చింది. గుచ్చిన చోట కండలో క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా చేరి, కండ కుళ్లి కొన్ని గుర్రాలు చనిపోయాయి. ఆ రూపాన్ని ఆపేసి పేస్టు తెచ్చారు. నాలుగైదు వందలు మిగులుతాయని మెడ మీద చావు తెచ్చుకోవడం ఎందుకు? ఇక వేపాకు, వాము, వెల్లుల్లి గురించి అడుగుతుంటారు. పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ముందు ఒక లద్దె, పద్నాలుగో రోజున ఒక లద్దె నాకివ్వండి. గుడ్లు తగ్గితే నేనే అందరికీ చెబుతాను. పొగాకు కషాయం మాత్రం వద్దు, అది విషం.

మందుకంటే నాకు నమ్మకం తట్ట, పార మీద. మైదానంలోని లద్దెను వారానికి రెండుసార్లు ఎత్తేస్తే పిల్లపురుగులు గడ్డికి చేరే సమయమే ఉండదు. మందు లేకుండానే గుడ్ల లెక్క దిగివస్తుంది. మన ఎండలు ఇక్కడ మనకు తోడు. పైన చెప్పాను కదా, పిల్లపురుగు దాచుకున్న శక్తి వేడికి కరిగిపోతుందని. ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ మైదానంలో లద్దె ఉండలను పగలగొట్టి పలచగా ఎండకు పరిస్తే గుడ్లూ పిల్లలూ మాడిపోతాయి. చలిదేశాలవాళ్లకు లేని వరం ఇది. అదే పని జులైలో చేస్తే మైదానమంతా పురుగులు చల్లినట్టే. చుట్టూ చూస్తే ఇక్కడి గుర్రాల్లో చాలావాటికి మైదానమే లేదు, కట్టేసి కోసిన గడ్డి వేస్తారు. వాటికి బయటినుంచి పురుగు చేరే దారి చిన్నదే. ఆ చిన్న దారిని మనమే పెద్దది చేస్తున్నాం, పచ్చి లద్దెను తీసుకెళ్లి గడ్డి మడికి ఎరువుగా వేసి, అదే గడ్డి కోసి మళ్లీ గుర్రానికి పెట్టి. కుప్పగా పోసి తడిపి తిరగేస్తూ ఉంటే లోపల వేడి పుడుతుంది. 40 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే స్ట్రాంగైల్ పిల్లలు చస్తాయి. నేను కనీసం నెలరోజులు మాగనివ్వమంటాను. కొన్ని లాయాల చుట్టుపక్కల పేడపురుగులు లద్దె ఉండలను దొర్లించుకుపోయి నేలలో పాతిపెడుతుంటాయి. ఐవర్మెక్టిన్ లద్దెతో బయటికి వస్తుంది, ఆ లద్దె తిన్న పేడపురుగు పిల్లలు బతకవు. అనవసరపు మోతాదు వల్ల పోయేవాటిలో ఇవీ ఉన్నాయి.

గుర్రం చిక్కిపోతే వెంటనే నట్టలనేసే అలవాటు గురించి కూడా చెప్పాలి, ప్రాణాలు పోతున్నది ఇక్కడే. గుర్రం చిక్కిందంటే నేను మొదట నోరు తెరిపిస్తాను. దవడ పళ్ల అంచులు పదునెక్కి బుగ్గలు కోసుకుపోతుంటే అది ఉలవలు నమలలేదు. తర్వాత దాణా కొలత చూస్తాను. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని పెద్దలన్నారు గానీ, కళ్లు బాగున్న గుర్రానికి కూడా సరిగా కొలిచి పెట్టని ఇళ్లున్నాయి. వానల తర్వాత అయితే రక్తం తీసి చూస్తాను. వచ్చి పోయే జ్వరం, పొట్ట కింద, కాళ్లకు వాపు, పాలిపోయిన చిగుళ్లు, రోజురోజుకీ బరువు తగ్గడం, ఇవి సర్రా లక్షణాలు. జోరీగలు కుట్టడం వల్ల ఒక గుర్రం రక్తంలోంచి ఇంకో గుర్రం రక్తంలోకి చేరే సూక్ష్మజీవి ట్రిపనోసోమా ఇవాన్సీ. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో దాన్ని కనుగొన్నాడు. ఒక గాజుపలక మీద రక్తపుచుక్క చాలు, దొరికితే దొరుకుతుంది. మొదటి చుక్కలో దొరక్కపోతే మళ్లీ తీస్తాను, రక్తరసం పరీక్షకు పంపిస్తాను. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పని చేస్తోంది. సర్రాకు మందు వేరే. సర్రాతో క్షీణిస్తున్న గుర్రానికి నట్టల మందు మీద నట్టల మందు పోస్తూ నెల గడిపేస్తే, మా దగ్గరికి తెచ్చేసరికి నడుము నిలవదు. వానాకాలంలో మానని పుండు, అందులో రవ్వలాంటి పసుపు పలుకులు, సైసులు బర్సాతీ అనేది, అది మాత్రం నిజంగా పొట్టపురుగు పనే. ఈగల నోటి ద్వారా హబ్రోనీమా పిల్లలు పుండులోకి చేరతాయి. దానికి ఐవర్మెక్టిన్ కావాలి, పుండు మీద ఈగ వాలకుండా కట్టూ కావాలి. చూసి మందు ఇవ్వడమంటే మందు ఎగ్గొట్టడమని కాదు, ఇలాంటి చోట అది పని చేసేలా మిగుల్చుకోవడం.

2012లో దేశంలో ఆరు లక్షల పైచిలుకు గుర్రాలు, పోనీలు ఉండేవి, 2019 పశుగణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. మిగిలినవాటిలో చాలా వరకు ఒక్క గుర్రమే ఆధారంగా బతికే ఇళ్లలో ఉన్నాయి. ఇటుక బట్టీలో, పెళ్లి ఊరేగింపులో, కొండదారిలో పని చేస్తే ఆ పూట అన్నం. అలాంటి ఇంటికి గుర్రం శూలతో పోవడం ఎంత దెబ్బో నేను చూశాను. ఒక వీధిలోని నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి లద్దె సంచులు ఒకే రోజు తీసుకెళ్తే, అందరి లెక్కా ఒక్క ఉదయంలో అయిపోతుంది. అవసరమైన రెండు గుర్రాలకే మందు కొంటారు, పూర్తి మోతాదు కొంటారు.

పెళ్లిళ్ల కాలానికి ముందు మనవాళ్లు పుష్కర్, సారంగ్‌ఖేడా సంతల నుంచి కొత్త గుర్రాలు దింపుతారు. ఏ ఊరి పురుగుతో వచ్చిందో, అక్కడ ఏ మందు ఎన్నిసార్లు పోశారో చెప్పేవాళ్లుండరు. దిగిన రోజే లద్దె తీయండి. డాక్టరు చెప్పిన మందు బరువు కొలిచి ఇవ్వండి. పద్నాలుగో రోజు మళ్లీ లద్దె తీసి, గుడ్లు తగ్గాయని తేలాకే మిగతావాటితో కలపండి. అప్పటిదాకా దాని కట్టుకొయ్య వేరు, లద్దె కుప్ప వేరు, తట్టా పారా కూడా వేరు.